ఓబులాచారి డ్రమ్ము తిరిగిన రోజు

మా తెనాలివాళ్ళు సెలవలొస్తే ఊటీ పోతారు, పుణ్యం కావాలంటే కాశీ పోతారు. నేను తనకల్లు పోయొచ్చానంటే మా వీధిలో ఒక్కరికీ నచ్చలేదు. "అక్కడ ఏముందమ్మా చూడటానికి?" అన్నారు. ఒక చెక్క డ్రమ్ము ఉంది అన్నాను. నా ఒంట్లో కిడ్నీలతో పాటు బుర్ర కూడా పాడైందని కొందరు అనుకునే ఉంటారు. అందుకే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

నేను ముప్పై ఏళ్ళు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పాను. నల్లబల్ల మీద కొన్ని వందలసార్లు కిడ్నీల బొమ్మ గీసుంటాను. నా సొంత కిడ్నీలు మాత్రం నాకంటే ఏడాది ముందే రిటైరయ్యాయి. అప్పట్నించీ మంగళ, గురు, శనివారాలు నాలుగేసి గంటలు డయాలిసిస్ కుర్చీలో కూర్చుంటాను. యంత్రం నా రక్తాన్ని బయటికి తీసి, కడిగి, మళ్ళీ లోపలికి పంపుతుంది. ఈ మూడేళ్ళలో తెనాలి పొలిమేర దాటలేదు. దాటలేననే అనుకున్నాను.

ఒకరోజు మా డాక్టరుగారు మాటల్లో ఈ యంత్రం పుట్టుక చెప్పారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో హాలెండులో ఒక కుర్ర డాక్టరు, బద్దలతో చేసిన చెక్క డ్రమ్ము చుట్టూ పల్చటి సెల్లోఫేన్ గొట్టం చుట్టాడట. డ్రమ్ము కింది సగం ఉప్పునీళ్ళ తొట్టిలో మునిగి తిరుగుతుంటే, గొట్టంలో రక్తం పారేది, అందులోని మలినం నీళ్ళలోకి పోయేది. మొదట్లో ఎక్కించిన రోగులు ఒకరి తర్వాత ఒకరు చనిపోయారు. ఆయన మానలేదు. నేను కూర్చునే యంత్రం ఆ డ్రమ్ముకు మునిమనవరాలన్నమాట.

"అట్లాంటిదే మా ప్రొఫెసరుగారు కూడా చేయించారమ్మా, యాభై ఏళ్ళ కిందట, రాయలసీమలో. వాడకముందే ఆయనకు బదిలీ అయింది. చేసిన మగ్గాల వడ్రంగి ఇంకా ఉన్నాడు, తనకల్లు దగ్గర. డ్రమ్మూ ఆయన దగ్గరే ఉంది," అన్నారు డాక్టరుగారు. ఫోను నంబరు ఇచ్చారు. డ్రమ్ము చూడాలనుందని ఫోను చేస్తే ఆ వడ్రంగి ఓబులాచారిగారు అడిగిన మొదటి మాట ఇది: "గొట్టం దొరుకుతాదామ్మా?"

సైన్సు సామాన్ల కొట్లో దొరికింది. ఒక చుట్ట కొన్నాను. మా ఆయన నా వంక చూసి, "తా దూర కంత లేదు, మెడకో డోలు," అన్నారు. అని, ఊరుకోకుండా సంచీ సర్దారు.

ధర్మవరం

మంగళవారం డయాలిసిస్ చేయించుకుని రాత్రి రైలెక్కాం. తెల్లారి ధర్మవరంలో దిగాం. డెల్టాలో పుట్టినదాన్ని, ఎటు చూసినా ఎర్రమట్టి, మధ్యలో ఎవరో బస్తాల్లోంచి కుమ్మరించినట్టు గుండ్రాళ్ళ గుట్టలు. కాలవ కోసం నా కళ్ళు అలవాటుగా వెతికాయి, దొరకలేదు.

చీరల ఊరు కదా అని మా ఆయన పర్సున్న జేబు మీద చెయ్యేసుకునే నడిచారు. నేను మాత్రం ఒక ఇంటి అరుగు దగ్గర ఆగిపోయాను. లోపల మగ్గానికి కావలసిన నిలువు దారాలు పోసే డ్రమ్ము తిరుగుతోంది. మనిషంత ఎత్తు, బద్దబద్దకీ మధ్య సందు, దాని చుట్టూ పసుప్పచ్చ పట్టు. తిప్పుతున్నావిడ నన్ను చూసి, "చీరలు చూస్తారామ్మా?" అంది. "లేదమ్మా, డ్రమ్ము చూస్తాను," అన్నాను.

ఆవిడ తిప్పడం ఆపింది. "చీరలు చూసేకి శానామంది వస్తారు. డ్రమ్ము చూసేకి వచ్చినోళ్ళను ఇప్పుడే చూస్తాండా," అని లోపలికి పిలిచి చాప వేసింది. ప్రొఫెసరుగారు ఆస్పత్రిలో వడ్రంగిని పెట్టుకోకుండా మగ్గాల వడ్రంగిని ఎందుకు వెతుక్కున్నారో ఆ చాప మీద కూర్చున్నాక అర్థమైంది. పట్టుపోగు తెగకుండా తిప్పగలిగే డ్రమ్ము చేసినవాడికి సెల్లోఫేన్ గొట్టం ఒక లెక్కా? అక్కడ చీర కొనలేదు. మా ఆయన ఆ విషయం తెనాలిలో అందరికీ చెప్పారు.

పుట్టపర్తి

గురువారం డయాలిసిస్ పుట్టపర్తిలో. కొత్త ఊళ్ళో, కొత్త సూదికి చెయ్యి చాపాలంటే నాకు పెళ్ళిచూపులనాటి వణుకొచ్చింది. టెక్నీషియన్ నరేశ్ అనే అబ్బాయి. "భయపడొద్దండి మేడమ్, మీ కోస్తా నెత్తురైనా మా మిషన్ కడుగుతాది," అన్నాడు. సూది ఒక్కపోటుకే దిగింది.

పక్క కుర్చీలో రామాంజినేయులు అనే రైతు. మా తెనాలి సెంటరులో ఎవరి ఫోను వాళ్ళు చూసుకుంటూ పడుకుంటాం. ఇక్కడ అదేం లేదు. నాలుగ్గంటలూ ఆయన చెనిక్కాయ పంట గురించి, బోర్ల గురించి, రాని వానల గురించి చెప్తూనే ఉన్నాడు. వేరుసెనగలను వాళ్ళు చెనిక్కాయలంటారు. నేనూ ఆయనా అవి తినకూడదు. "నలభై ఏండ్లు పండించినా. ఇప్పుడు గుప్పెడు తింటే డాక్టరు తిడ్తాడు," అని నవ్వాడు.

మాలాంటివాళ్ళకు ఒంట్లో నీరు బయటికి పోయే దారి లేదు గనక తాగే నీళ్ళకు కొలత ఉంటుంది. నాకు రోజుకు ముప్పావు లీటరు, కాఫీ, మజ్జిగ, చారుతో కలిపి. కానీ ఒక్క పూట మా రక్తం కడగడానికి యంత్రానికి వంద లీటర్ల పైనే కావాలి. ఆ మాట రామాంజినేయులుతో అంటే పైనున్న గొట్టాల వైపు కాసేపు చూశాడు. "చేనుకు దొరకని నీళ్ళు నా నెత్తురుకు దొరికినాయి చూడు టీచరమ్మా. నేను చేనుగా పుట్టింటే బాగుండు," అన్నాడు. నవ్వితే సూది కదులుతుందని నరేశ్ మా ఇద్దర్నీ కసిరాడు.

సాయంత్రానికి ఒళ్ళు తేలికపడింది. కొత్త ఊళ్ళో కొత్త కుర్చీలో కూర్చుని లేచాను, ఏమీ కాలేదు. ఇంత సంతోషం నాకు డిగ్రీ పాసైనప్పుడు కూడా కలగలేదు. శనివారం పొద్దున మళ్ళీ అదే కుర్చీ. మధ్యలో శుక్రవారం మొత్తం నాది.

కదిరి

పొద్దున్నే కదిరి బస్టాండు దగ్గర ఉగ్గాని తిన్నాం. బొరుగులు, అదే మా మరమరాలు, నానబెట్టి, నీళ్ళు పిండేసి, తాలింపు పెట్టి, పొగలు కక్కుతుండగా పక్కన మిరపకాయ బజ్జీలు పెట్టిస్తారు. ప్లేటు నలభై రూపాయలు. మా ఆయన రెండు ప్లేట్లు తిని, మా ఊళ్ళో ఇడ్లీ తినేవాళ్ళందరి మీదా జాలిపడ్డారు. నేను సగం ప్లేటు, సగం బజ్జీ. కారానికి దాహం వేసింది. ఒక గుక్క తాగి మూత పెట్టేశాను.

తర్వాత కిరాణా కొట్టుకు వెళ్ళి మిఠాయి రంగు అడిగాం. కొట్టాయన, "జిలేబీకా, లడ్డుకా?" అన్నాడు.

"రక్తానికి," అన్నారు మా ఆయన.

కొట్టాయన తూకం ఆపేసి ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు. నేను బడిలో చేయించే ప్రయోగం వివరించాల్సి వచ్చింది. గంజిలో మిఠాయి రంగు కలిపి సెల్లోఫేన్ గొట్టంలో పోసి, నీళ్ళలో ముంచితే, రంగు నీళ్ళలోకి పోతుంది, గంజి లోపలే ఉండిపోతుంది. గంజి రక్తమనుకోండి, రంగు మలినమనుకోండి. అంతా విని ఆయన, "అయితే ఈ రెండు పొట్లాలూ తీస్కపోండి. ఎవురికన్నా బాగయితే మంచిదే కదా," అని ఒకదానికే డబ్బు తీసుకున్నాడు. రెండు మూరల కదిరి మల్లెలు కూడా కొన్నాను. వాటికి నీళ్ళ కొలత లేదు.

ఆచారిగారి ఇల్లు

తనకల్లులో బస్సు దిగి, ఆటోలో మరికొంత దూరం. ఓబులాచారిగారు వాకిట్లోనే ఉన్నారు. డెబ్భై ఎనిమిదేళ్ళు, సన్నటి మనిషి, చేతులు మాత్రం ఆయనవి కావన్నట్టు పెద్దవి. నన్ను చూసి ఆయన ముఖం కొంచెం మారింది. "శనివారం వస్తామంటిరి గదమ్మా?" అన్నారు. పుట్టపర్తిలో మొదట శుక్రవారం ఇస్తామన్న కుర్చీని గురు, శనివారాలకు మార్చారని, అందుకే ఒకరోజు ముందొస్తున్నామని నిన్న అక్కణ్ణించి ఫోను చేసి చెప్పాంగా అని గుర్తుచేశాను. "చెప్పినావు, చెప్పినావు. సరే రా," అన్నారు.

ఆయన భార్య నాగలక్ష్ముమ్మ నిండు చెంబుతో ఎదురొచ్చింది. ఇంటికొచ్చిన మనిషికి ముందు నీళ్ళివ్వడం మా దగ్గరా ఉంది గానీ, మేం గ్లాసుతో సరిపెడతాం. ఇక్కడ చెంబుడు. అదీ ఆవిడ పొద్దున్నే ఎవరో బండి మీద పోతుంటే ఎక్కి వెళ్ళి తెచ్చిన ఫిల్టరు నీళ్ళు. "కిడ్నీ జబ్బంట గదమ్మా. నీళ్ళు బాగా తాగల్ల. ఇంకో కడవ నీ కోసరమే పెట్టినా," అంది. కిడ్నీలో రాళ్ళున్నవాళ్ళకు డాక్టర్లు చెప్పే మాట అది. ఆవిడ నాకు పెట్టింది. వారానికోసారి ట్యాంకరొచ్చే ఊళ్ళో నా కోసం కడవెడు మంచినీళ్ళు.

వద్దంటే తప్పు, తాగితే ముప్పు. ఒక గుక్క తాగి, చెంబు కింద పెట్టి, నా కొలత చెప్పాను. ఆవిడ నమ్మలేదు. మా ఆయన కూడా చెప్పాక నమ్మి, నా పక్కన కూలబడింది. "మా కరువు ఊరికుండాది. నీ కరువు నీ ఒంట్లోనే ఉండాదే తల్లీ," అంది. అని లేచి, వాళ్ళ మనవడు పుట్టినప్పుడు పాలు పట్టిన చిన్న గిన్నె ఒకటి తెచ్చి, "సాయంత్రం దాకా ఇది నీది," అని కొలిచి పోసింది. చిన్నప్పుడు గొర్రెలు మేపడానికి పోతే దాహానికి నున్నటి రాయి నోట్లో పెట్టుకునేవాళ్ళమని, తడిగుడ్డ మెడ మీద వేసుకొమ్మని కూడా చెప్పింది. మూడేళ్ళుగా నాకు నీళ్ళు తగ్గించమన్నవాళ్ళే గానీ ఎలా తగ్గించాలో చెప్పినవాళ్ళు లేరు. ఇవాళ్టికీ నా మెడ మీద తడిగుడ్డ ఉంటుంది.

ఆచారిగారు వేపచెట్టు కిందికి డ్రమ్ము తెచ్చారు. టేకు బద్దలు, రెండు పక్కలా చక్రాలు, తిప్పడానికి ఇనప పిడి. ముప్పై ఏళ్ళు అటక మీద ఉండి, ఆ తర్వాత కోళ్ళగూడు అయిందట. "పొయిలో పెడ్తానంటే కొట్టేకొస్తాడు," అంది నాగలక్ష్ముమ్మ. ఆయన వినిపించుకోకుండా నా గొట్టం చుట్టను వేళ్ళ మధ్య నలిపి చూస్తున్నారు. ఆవిడ నన్ను వంటింట్లోకి పిలిచింది. పొయ్యి పక్కన ఓళిగలు, అంటే మా బొబ్బట్లు, చేసి పెట్టింది.

"అమ్మా, నీకొక మాట చెప్పల్ల," అంది గొంతు తగ్గించి. "ఆ డ్రమ్ము ఈయప్ప వాళ్ళ నాయన కోసరం చేసినాడు. మా మామకు కాళ్ళు, మొగం వాచిపోయి, ఆ పెద్దడాక్టరు దగ్గరే ఉండె. నెలలో డ్రమ్ము చేసిస్తే ఎక్కిచ్చి చూస్తానన్యాడు డాక్టరు. ఈయప్ప బద్దబద్దనూ గాజుపెంకుతో గీకుకుంటా కూచున్యాడు, గొట్టం చినుగుతాదని. నెల దాటె. మామ పోయినంక ఎనిమిది దినాలకు డ్రమ్ము అయిపాయ. 'అంత గీకకుంటే నాయన బతికిండునేమో'నని యాభై ఏండ్లుగా అదే మాట. ఈ పొద్దు అది పని చేస్తే ఏమంటావో, చేయకుంటే ఏమంటావో, చూసి చెప్పు తల్లీ."

సరదాకొచ్చిన ప్రయోగం. పని చేస్తే, మీరు ఆలస్యం చేశారని చెప్పినట్టు. చేయకపోతే, మీ పనితనం వృథా అని చెప్పినట్టు. గొట్టం తెనాలిలో మర్చిపోయినా బాగుండేది. కానీ బయట ఆయన అప్పటికే గొట్టం నానబెడుతున్నారు.

పన్నెండు చుట్లు చుట్టాం. గంజిలో రంగు కలిపి గరాటుతో పోసి, కొసలు దారంతో కట్టాం. నారింజరంగు పాము డ్రమ్మును చుట్టుకున్నట్టుంది. తొట్టిలో ఎనిమిది కడవల నీళ్ళు, ఆ ఇంటి రెండు రోజుల నీళ్ళు. ఆచారిగారు పిడి పట్టుకున్నారు. రెండు చుట్లు తిరిగింది. మూడో చుట్టుకు గొట్టం ఒకచోట చిరిగి, గంజి భళ్ళున తొట్టిలో పడింది.

ఆయన వంగి, చిరిగినచోట కింద ఉన్న బద్దను బొటనవేలితో తడిమారు. ఆ బద్ద మిగతావాటిలా లేదు, తెల్లగా ఉంది. కోళ్ళగూడుగా ఉన్నప్పుడు విరిగిన బద్ద స్థానంలో నిన్న సాయంత్రం టమాటా పెట్టె బద్ద ఒకటి కోసి బిగించారట. "నువ్వు ముందే వస్తాండావని బిరీన బిరీన చేసినా," అన్నారు. "పైపైన గీకినా."

లోపలికి వెళ్ళి గాజుపెంకు తెచ్చి, ఆ బద్ద విప్పి, ఒళ్ళో పెట్టుకుని గీకడం మొదలుపెట్టారు. మా ఆయన బస్సు టైము గుర్తుచేశారు. నేను మా ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. గంట పట్టింది. గీకడం, చెంపకు ఆనించి చూడటం, మళ్ళీ గీకడం. ఈలోగా నాగలక్ష్ముమ్మ రంగునీళ్ళు ముంచి మిరపమొక్కలకు పోసింది. నీళ్ళు చాలవని తెలిసి చుట్టుపక్కల ఆడవాళ్ళు తలా ఒక కడవ తెచ్చారు. నీళ్ళు తెచ్చినవాళ్ళెవరూ తిరిగిపోలేదు, నీడలో కూర్చున్నారు. ఒకావిడ నా మల్లెలు చూసి ధర అడిగి, కదిరివాడు మోసం చేశాడని తేల్చింది.

మళ్ళీ చుట్టాం. ఈసారి ఆచారిగారు చాలా నెమ్మదిగా తిప్పారు. మూడు చుట్లు. పది. ఇరవై. గొట్టం చిరగలేదు. ఆయన అలిసిపోతే మా ఆయన తిప్పారు, తర్వాత నీళ్ళు తెచ్చినవాళ్ళు వంతులవారీగా తిప్పారు. తొట్టిలో నీళ్ళు ముందు లేతగా, తర్వాత చిక్కగా పసుపెక్కాయి. గొట్టంలో రంగు తగ్గుతూ వచ్చి, గంట దాటాక గంజి మళ్ళీ తెల్లబడింది. "జిలేబీ పాలైపాయనే," అంది ఒకావిడ. నాకు కళ్ళ నీళ్ళొచ్చాయి. నా రక్తానికి వారానికి మూడుసార్లు జరిగేది అదే, నేనెప్పుడూ కళ్ళారా చూడలేదు.

ఆచారిగారు తువ్వాలుతో చేతులు తుడుచుకుని నా ఎదురుగా కూర్చున్నారు. "టీచరమ్మా, నిజం చెప్పు. ఇది నాయనకు అందింటే?"

వంటింట్లోంచి నాగలక్ష్ముమ్మ చూస్తోంది. ముప్పై ఏళ్ళు పిల్లలకు తెలిసినది తెలిసినట్టే చెప్పాను, ఈయనకు వేరుగా చెప్పడం నావల్ల కాలేదు. "తొందరపడి ఇచ్చుంటే, ఇందాక చిరిగినట్టే చిరిగేది. అప్పుడు అందులో ఉండేది గంజి కాదు," అన్నాను. "గీకి ఇచ్చుంటే, అదీ టైముకు అంది, అన్నీ సరిగ్గా జరిగుంటే, రెండు రోజులు ఎక్కువ ఉండేవారు. మహా అయితే మూడు. ఆ జబ్బు నయమయ్యేది కాదు. ఒకసారి కడిగితే చాలదు, మళ్ళీ మళ్ళీ కడగాలి. అప్పట్లో ఈ పక్క ఊళ్ళలో అది ఎవరి తరమూ కాదు."

ఆయన లేచి వెళ్ళి డ్రమ్ము మీది తెల్లబద్దను బొటనవేలితో మళ్ళీ తడిమారు. నేను తప్పు చెప్పానేమోనని భయమేసింది.

"రెండు దినాలు," అన్నారు చివరికి. "నేను నూరేండ్లు పోగొట్టినాననుకుంటాంటి."

తర్వాత నా వైపు తిరిగారు. ముఖం తేటగా ఉంది. "రెండు దినాలూ తక్కువేం కాదులేమ్మా. నువ్వు బతుకుతాండేది రెండేసి దినాలే గదా. ఈ పొద్దు మా ఇంటికొచ్చినావు."

నాగలక్ష్ముమ్మ అదేం మాటని ఆయన్ని కసిరింది. మా ఆయన నేలచూపులు చూశారు. మూడేళ్ళుగా నన్ను చూడటానికొచ్చిన ప్రతివాళ్ళూ నూరేళ్ళుంటావమ్మా అనే దీవించారు, నేను ఒక్కరినీ నమ్మలేదు. ఈయన అన్నది మాత్రం నిజం. నాకు కోపం రాలేదు, పట్టరాని నవ్వొచ్చింది. నేను నవ్వితే ఆయనా నవ్వారు, పళ్ళు లేని నోరంతా తెరిచి.

"అవునండీ ఆచారిగారూ," అన్నాను. "రేపు పొద్దున మళ్ళీ కుర్చీ ఎక్కేదాకా ఉన్నాను. ఓళిగలు చేశారుగా, పెట్టించండి."